నూట నలభై సెంటీమీటర్ల పెద్దమనిషి

నెల్లూరు నుంచి మా బావమరిది కుటుంబం సెలవలకి దిగింది. మే నెలలో మద్రాసు రావాలన్న బుద్ధి ఎవరికి, ఎందుకు పుడుతుందో నాకు తెలీదు. మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా ఇక్కడ కత్తిరి అని ఒక ఎండ కాస్తుంది. ఒక ఎండకి పంచాంగంలో ప్రత్యేకంగా పేరూ తేదీలూ ఉన్నాయంటేనే దాని సంగతి అర్థం చేసుకోవాలి. కానీ పిల్లలకి ఎండ కనబడదు, ఫోన్లో చూసిన వాటర్ స్లైడ్ కనబడుతుంది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే థీమ్ పార్క్‌కి వెళ్లాలన్న తీర్మానం అయిపోయింది. "టికెట్ల సంగతి బావ చూసుకుంటాడు" అన్న సవరణతో సహా.

రాత్రి భోజనాలయ్యాక లెక్కకి కూర్చున్నాం. శని ఆదివారాలు ఒక రేటు, మామూలు రోజుల్లో ఒక రేటు. ముందురోజే ఆన్‌లైన్‌లో తీసుకుంటే తగ్గింపు ఉంది. ఆ తగ్గింపులో సగం మింగేయడానికి కన్వీనియన్స్ ఫీజు కూడా ఉంది. అది ఎవరి కన్వీనియన్సో ఎక్కడా రాయరు. ఆ పైన జీఎస్టీ 18 శాతం. "2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఇది 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18కి దించారు, ఆ లెక్కన మనం లాభంలోనే ఉన్నాం" అని ధైర్యం చెప్పాను. మా ఆవిడ ఆ లాభం ఏ డబ్బాలో వేశానో చూపించమంది.

నా వంతుగా మహాబలిపురం పేరెత్తాను. పార్కుకి వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదే ఇంకాస్త ముందుకెళ్తే చాలు. మనిషికి 40 రూపాయలు. ఆ టికెట్టుతోనే పల్లవులు కట్టించిన సముద్రం ఒడ్డు గుడీ, పంచరథాలూ రెండూ చూడొచ్చు. పదిహేనేళ్లలోపు పిల్లలకి అసలు టికెట్టే లేదు.

"అక్కడ స్లైడ్ ఉందా మామయ్యా?" అన్నాడు మా చింటూగాడు.

ఉందిరా, కృష్ణుడి వెన్నముద్ద అని పెద్ద గుండ్రాయి ఉంటుంది, దాని పక్కన ఏటవాలు బండ మీద పిల్లలు పొద్దస్తమానం జారుతూనే ఉంటారు, పిల్లలకి పైసా ఖర్చు లేదు అన్నాను. వాడు వాళ్ల నాన్న వైపు చూశాడు. వాళ్ల నాన్న నా వైపు చూశాడు. పల్లవుల కేసు అక్కడితో కొట్టేశారు.

ఇక అసలు చిక్కు. పార్కువాళ్లు పిల్లల్ని వయసుతో లెక్కపెట్టరు, ఎత్తుతో లెక్కపెడతారు. 140 సెంటీమీటర్లలోపు ఉంటే పిల్లల టికెట్టు, ఆ గీత దాటితే పెద్దల టికెట్టు. మిగతా ఇద్దరు పిల్లలతో ఇబ్బంది లేదు, వాళ్లు ఇంకా గ్యాస్ స్టవ్ గట్టు దగ్గరే ఉన్నారు. చింటూగాడికి పదకొండు నిండాయి. రైల్వేవాడి లెక్కలో 5 నుంచి 12 లోపు పిల్లవాడే. మహాబలిపురంలో పిల్లవాడే. ఒక్క ఈ పార్కు గేటు దగ్గర మాత్రం పిల్లవాడో పెద్దమనిషో కొలిచి చూస్తే తప్ప తెలీదు. మా చెల్లెమ్మ, అంటే చింటూ వాళ్లమ్మ, మా ఆవిడ కుట్టు మిషన్ సొరుగులోంచి టేపు తీసి, వాణ్ణి గోడకి ఆనించి, నెత్తిన టెలిఫోన్ డైరెక్టరీ పెట్టి కొలిచింది. (అవును, మా ఇంట్లో ఇంకా ఉంది. ఇలాంటి వాటికే.) నూట ముప్పై తొమ్మిదీ చిల్లర. పిల్లల టికెట్టే బుక్ చేశాం.

ప్రయాణం, పార్కింగు, గేటు దగ్గర పులిహోర డబ్బా జప్తు, వీటిని వదిలేస్తున్నాను. జప్తు చేసినాయన మూత తీసి వాసన చూసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు.

గేటు పక్కన చెక్కతో చేసిన జిరాఫీ ఒకటి నిలబెట్టారు. దాని మెడ పొడుగునా అంకెలు, 140 దగ్గర ఎర్రగీత, నెత్తి మీదికి దించడానికి ఒక అడ్డపలక. ఆ పలక పట్టుకుని సెక్యూరిటీ యూనిఫాంలో ఒకాయన. ఆయన ముఖంలో తాలూకాఫీసులో భూమి కొలిచే సర్వేయరుకి ఉండే నిదానం. చింటూగాడు చెప్పులు విడిచి జిరాఫీకి వీపు ఆనించాడు. ఆయన పలక దించాడు. నూట నలభై రెండు.

"అడల్ట్ సార్."

అప్పుడు చూశాను వాడి జుట్టు. పొద్దున బాత్‌రూమ్ తలుపేసుకుని అంతసేపు ఏం చేశాడా అనుకున్నాం. జెల్ రాసి ముళ్లలా నిలబెట్టాడు. పలక ఆగింది ఆ ముళ్ల మీద. "అది జుట్టండీ, తల కింద ఉంది" అన్నాను నా తమిళంలో. ఇన్నేళ్లుగా మద్రాసులో ఉన్నా నా తమిళం ఆటో బేరం దాకా వచ్చి ఆగిపోయింది. తలకీ జుట్టుకీ మధ్య ఎక్కడ గీత గీయాలి అన్న తాత్విక చర్చకి అది చాలదు. జుట్టు కూడా మనిషిలో భాగమే కదా అన్నట్టు ఆయన చెయ్యి తిప్పాడు. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, ఆయనకేం?

మా చెల్లెమ్మ బాటిల్ మూత తీసి నీళ్లు మొత్తం కొడుకు నెత్తిన గుమ్మరించింది. మంచినీళ్లు. లోపల దాని ధర తెలిశాక ఆవిడ ఇప్పటికీ కుమిలిపోతోంది. ముళ్లు అణిగాయి. పలక మళ్లీ దిగింది. నూట నలభై ఒకటి.

"ఏంది బావా ఇది, ఇంటికాడ ముప్పై తొమ్మిదే గదా?" అన్నాడు మా బావమరిది.

నేను కిందికి వంగి చూశాను. వాడి మడమలు నేల మీద లేవు. వాడి బాధ వాడిది. పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 140 ఉండాలి, అంతకంటే పొట్టివాళ్లని రానివ్వరు. అంటే 140కి ఒక అంగుళం తక్కువుంటే మాకు డబ్బు మిగులుతుంది, వాడికి కోస్టర్ పోతుంది. రెండూ దక్కే మార్గం పార్కువాళ్లు ఉంచలేదు. ఇంత చక్కటి ఏర్పాటు ఆలోచించినాయనకి జీతం ఎంతిస్తారో తెలుసుకోవాలని ఉంది. నేనూ మా బావమరిదీ చెరో మడమా పట్టుకుని నేలకి నొక్కాం. వాడు మెడ సాగదీశాడు. వాళ్లమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి నొక్కబోతే సెక్యూరిటీ ఆయన విజిల్ ఊదాడు. మా వెనక క్యూలో జనం ఫోన్లు జేబులో పెట్టి మరీ చూడటం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన "విడుంగ సార్, వళర్ర పయ్యన్" అని ఎదిగే పిల్లాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఎవరి పక్షాన మాట్లాడాడో ఆలోచిస్తే నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.

ఇంతలో మా అత్తగారు ముందుకొచ్చారు. "ఇంతమందిలో పిల్లోణ్ణి నిలబెట్టి కొలుస్తారా? దిష్టి తగలదా? అల్లుడుగారూ, మీరైనా చెప్పండి" అని మనవడి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచారు. ఆ చప్పుడికి పలక పట్టుకున్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పలక ఆ అదురుకి కాస్త దిగి నూట నలభై మీద, సరిగ్గా ఎర్రగీత మీద ఆగింది. మీద అంటే మీదే. కిందా కాదు, పైనా కాదు. బోర్డు మీద రాసింది "140లోపు" అని. గీత మీద ఉన్నవాడు లోపలా, బయటా?

ఇక్కడే నాలోని విజ్ఞాని నిద్ర లేచాడు. మనిషి పొద్దున ఉన్నంత పొడుగు సాయంత్రం ఉండడు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేచి నిలబడి తిరిగేకొద్దీ బరువుకి అణిగిపోతాయి. తేడా దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. ఇదేమీ నా కల్పన కాదు, డాక్టర్లు చెప్పేదే. ఈ విషయమంతా నేను సెక్యూరిటీ ఆయనకి వివరించాను. వెన్నుపూసకి తమిళంలో ఏమంటారో రాక, మా బావమరిదిని వెనక్కి తిప్పి వాడి వీపు మీద వేలితో చూపించాను. పొద్దున్నే కొలవడం అన్యాయమనీ, అసలు ఎత్తు తెలియాలంటే పొద్దెక్కనివ్వాలనీ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. క్యూ కూడా విన్నది.

"సరి సార్. అప్పో సాయంగాలం వాంగ."

అయితే సాయంత్రమే రమ్మన్నాడు. సాయంత్రం ఆరింటికి పార్కు మూసేస్తారు.

తేడా డబ్బులు కట్టాం. మూడు వందలు, జీఎస్టీతో కలిపి మూడు వందల యాభై నాలుగు. చింటూగాడికి చేతికి వేరే రంగు పట్టీ కట్టారు. ఆ పట్టీ చూసుకుని వాడు నడక మార్చేశాడు.

అదే కౌంటర్లో మా అత్తగారికి సీనియర్ సిటిజన్ టికెట్టు అడిగాను, ఇక్కడన్నా నాలుగు డబ్బులు మిగులుతాయని. ఆధార్ చూపించమన్నారు. అందులో పుట్టినతేదీ లేదు, సంవత్సరం ఒక్కటే ఉంది. కార్డు తీసిన రోజున ఎవరో నోటికొచ్చింది చెప్పారు, ఎవరో రాసుకున్నారు. ఆ లెక్కన ఆవిడకి ఇంకా అరవై రాలేదు, సొంత తమ్ముడికంటే నాలుగేళ్లు చిన్న. "అడల్ట్ మేడమ్" అన్నాడు కౌంటర్ కుర్రాడు. డబ్బు ఎక్కువ కట్టించుకున్నందుకు ఒక మనిషి అంత సంతోషించడం నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం దాకా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు.

లోపలి సంగతులు ఏం చెప్పను. కాటన్ బట్టలతో నీళ్లలోకి రానివ్వమంటే అందరికీ నైలాన్ బట్టలు కొన్నాం. వాటిలో నన్ను ఎవరూ ఫోటో తీయకుండా చూసుకున్నాను. లాకర్‌కి అద్దె, డిపాజిట్. అన్నీ అయ్యాక, మధ్యాహ్నం ఎండలో, చింటూగాడు పొద్దుటి నుంచి కలవరిస్తున్న పెద్ద కోస్టర్ క్యూలో నిలబడ్డాం. చాలాసేపు. మా వంతు వచ్చింది. అక్కడ జిరాఫీ లేదు, ఇనుప కడ్డీ ఉంది. తడిసిన జుట్టు నెత్తికి అతుక్కుపోయి ఉంది. కడ్డీ పట్టుకున్న కుర్రాడు ఒక్క క్షణంలో తేల్చేశాడు.

"ఉయరం పత్తాదు సార్."

ఎత్తు చాలదట. చేతి పట్టీ చూపించాను. అడల్ట్ రసీదు చూపించాను. అది టికెట్టు కొలత, ఇది సేఫ్టీ కొలత అన్నాడు. సేఫ్టీతో నేను వాదించను. ఆ కోస్టర్ తలకిందులుగా తిరుగుతుంటే చూశాను, దానికి సెంటీమీటరు దగ్గర కక్కుర్తి పడమని ఏ తండ్రీ అనడు. కానీ గేటు దగ్గర పెద్దవాడైన మనిషి కోస్టర్ దగ్గరికొచ్చేసరికి చిన్నవాడైపోతే, మధ్యలో ఆ మూడు వందల యాభై నాలుగు ఎక్కడికి పోయినట్టు? చింటూగాడు ఏడవలేదు. పెద్ద టికెట్టు కొన్నవాడు ఏడవకూడదనుకున్నాడో ఏమో, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి చెయ్యి పట్టుకుని కస్టమర్ కేర్ అని రాసి ఉన్న ఏసీ గదికి తీసుకెళ్లాను.

ఆ అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ఒకే పిల్లవాడు ఒకే రోజున, ఒకే పార్కులో, రెండు ఎత్తులు ఎలా ఉంటాడమ్మా, ఏదో ఒకటి ఖాయం చేసి, కోస్టర్ అన్నా ఎక్కించండి, తేడా అన్నా వాపసు ఇవ్వండి అన్నాను. న్యాయమే సార్ అని, వాకీటాకీ తీసి గేటు వాళ్లని అడిగింది. గర్ గర్ మని కాసేపు మోగింది. తర్వాత జిరాఫీ దగ్గరాయన గొంతు, గదిలో అందరికీ వినబడేలా వచ్చింది. నాకు అర్థమైనంత వరకు ఆయన అన్నది ఇదీ.

"కొలత కరెక్టే మేడమ్. పొద్దున ఉన్నంత ఎత్తు మధ్యాహ్నానికి ఉండరు. వెన్నులో ఏదో అణిగిపోతుందంట. ఆ సారే చెప్పాడు."

ఆ అమ్మాయి నవ్వకుండా నా వైపు చూసింది. నవ్వినా బాగుండేది. వెనకనుంచి మా బావమరిది మెల్లగా, "పిల్లోణ్ణి ఇంటికాణ్ణించి పడుకోబెట్టి మోసుకొచ్చుంటే సరిపోయేది గదా బావా" అన్నాడు.

ఈ టికెట్టు రేపటికి చెల్లుతుందా అని అడిగాను. చెల్లదట.