మూడో గడి గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడి గారికి,

నమస్కారం. స్కూలు ఫారంలో తండ్రి గడి, తల్లి గడి దాటాక "వీరిద్దరూ దొరకకపోతే" అంటూ అట్టడుగున వెలసింది తమరే. పేరు, ఫోన్ నంబరు, పిల్లలతో సంబంధం. ఈ మూడూ ఇస్తే తమరు సంతృప్తి పడిపోతారు. అక్కడ రాసిన మనిషికి ఉద్యోగం ఉందా, ఆవిడ పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆ రోజు ఆవిడకు ఒంట్లో బాగుందా అనే చాదస్తం ప్రశ్నలు తమరికి అక్కర్లేదు. ఉన్న జాగా కూడా అంతంత మాత్రమే, ఇంటిపేరు పొడుగైతే గీత దాటిపోతుంది.

మొన్నటి వారం తమరి మహిమ పూర్తిగా తెలిసొచ్చింది. మా ఆయన క్యాంపుకెళ్ళారు. మా ఆఫీసులో ఆడిట్. సరిగ్గా ముహూర్తం చూసుకున్నట్టు సోమవారం పొద్దున్నే పాపకి జ్వరం. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే బడికి పంపాలని రూలు. మంచి రూలే, పక్క పిల్లలకు అంటించాలని ఎవరికుంటుంది? ఆ 24 గంటలూ పిల్ల ఇంట్లో ఉండాలని రాశారు. ఇంట్లో ఇంకెవరుండాలో రాయలేదు. చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలేనంటారు డాక్టర్లు. ఈ లెక్క అమ్మలకు నోటికొచ్చు. మా హెచ్‌ఆర్‌కి మాత్రం ప్రతిసారీ ఆశ్చర్యమే. "మళ్ళీనా అండీ?"

ఇక తమరిలో ఉన్న నంబరుకి, అంటే మా ఫ్రెండ్‌కి, ఫోన్ చేశాను.

"బిజీనా?"

"అబ్బే, లేదు, చెప్పు." వెనక ఎవరో సేల్స్ అంకెలు చదువుతున్నారు.

"ఏం లేదు, ఊరికే చేశా..."

"టెంపరేచర్ ఎంతుంది? తీసుకొచ్చెయ్. కెమెరా ఆఫ్ చేసుకుంటాలే."

నేనింకా ఒక్క ముక్క అడగనే లేదు. ఆ రోజంతా ఆవిడ ఒళ్ళో మా పాప, బల్లకింద వాళ్ళ బుడ్డోడు, చెవుల్లో వాళ్ళ మేనేజరు. పాప దగ్గితే మీటింగులో ఎవరో విసుక్కున్నారట, "ఎవరిదండీ ఆ నాయిస్, కాస్త మ్యూట్‌లో పెట్టుకోండి" అని. దగ్గుని మ్యూట్ చేసే బటన్ ఎక్కడుంటుందో ఆయన చెప్పలేదు.

మర్నాడు మా పెద్దాణ్ణి బడి నుంచి తీసుకురావడానికి ఇంకో ఫ్రెండ్ వెళ్ళింది. గేటు దగ్గర ఆపేశారు. ఫారంలో ఉన్న పేరు ఈవిడది కాదు కదా! తమరిలో ఒక్కరికే చోటని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల భద్రత కోసమే అడిగారు, వాళ్ళ తప్పేం లేదు. నేను ఆడిటర్ ఎదుట కూర్చుని, బల్ల కింద ఫోన్ పెట్టుకుని అనుమతి లెటర్ టైపు చేశాను. అన్నట్టు, మొదటి గడిలో ఉన్నాయన ఫోను మోగిన దాఖలాలు ఇంతవరకూ లేవు. ఆయన ఊళ్ళో ఉన్నా సరే, బడివాళ్ళు రెండో గడి నుంచే మొదలుపెడతారు. ఎందుకో తమరేమైనా కనుక్కుని చెప్పగలరా?

గురువారానికి వాళ్ళ బుడ్డోడికీ జ్వరం. మా పాప ప్రసాదమే. వాళ్ళ ఫారంలో తమరి స్థానంలో ఉన్న పేరు నాదే! అంటే నేను మునిగితే ఆవిడ, ఆవిడ మునిగితే నేను, ఇద్దరం ఒకేసారి మునిగితే తమరు. ఈ ఏర్పాటు మీదే రెండు ఆఫీసులు, రెండు బళ్ళు నిశ్చింతగా నడుస్తున్నాయి. ఏ జీతాల చిట్టాలో చూసినా ఈ పని చేసేవాళ్ళ పేరు మాత్రం ఉండదు.

తమరికి పాత సంగతి ఒకటి చెప్పాలి. రోజులో ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు ఆటవిడుపు, ఎనిమిది గంటలు నిద్ర అని 1817లో నినాదం ఇచ్చిన బ్రిటన్ మిల్లు యజమాని రాబర్ట్ ఓవెన్, అంతకు ముందు ఏడాదే స్కాట్లాండ్‌లో ఉన్న న్యూ లానార్క్‌లోని తన మిల్లు కార్మికుల పసిపిల్లల కోసం బడి తెరిచాడు. తర్వాత వచ్చినవాళ్ళు గంటల లెక్క పట్టుకుని, పిల్లల బడిని ఆయనకే వదిలేశారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో 8 గంటల పని గురించే. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల కోసం ఒప్పందం రాసింది మాత్రం 1981లో. మధ్యలో ఆ 62 ఏళ్ళు పిల్లల్ని ఎవరు చూసుకున్నారో తమరికి వేరే చెప్పాలా?

కాబట్టి నా విన్నపం చిన్నది. వచ్చే ఏడాది కాస్త ఒళ్ళు పెంచండి, కనీసం నలుగురు పట్టేలా. సంబంధం అన్నచోట "స్నేహితురాలు" అని రాస్తుంటే ఆవిడకి అన్యాయం చేస్తున్నట్టుంది, అక్కడా రెండు వరుసలు ఎక్కువ గీయండి. పనిలో పనిగా ఆఫీసు ఫారాల్లోకి కూడా వెళ్ళి, "ఈ ఉద్యోగి హాయిగా పని చేయడానికి ఇంకెవరెవరు పని మానుకుంటున్నారు?" అని అడగండి.

ఇది రాస్తుండగానే హెచ్‌ఆర్ మెయిల్ వచ్చింది. పనినీ ఇంటినీ బ్యాలెన్స్ చేసుకోవడం ఎలా అన్నదాని మీద శుక్రవారం సాయంత్రం ఆరింటికి ప్రత్యేక సెషన్, హాజరు తప్పనిసరి. తమరి నంబరుకి ఫోన్ చేశాను. ఆవిడకీ వాళ్ళ ఆఫీసులో అదే టైముకి అలాంటి సెషనే ఉందట.

ఇట్లు,
రెండో గడి