పుంత పక్కన బోదె

గోదావరి డెల్టాలో గంటసేపు గట్టి వాన కురిస్తే చాలు, చేల మధ్య మట్టిబాటలైన పుంతల్లో మోకాటి లోతు నీరు నిలుస్తుంది. బడిపిల్లలు చెప్పులు చేత పట్టుకుని నడుస్తారు. పాలక్యాన్లు కట్టుకున్న మోటార్‌సైకిల్ సగం దారిలో ఆగిపోతుంది. పల్లపు దారి కదా, ఇంతేలే అని సరిపెట్టుకుంటున్నాం. కానీ ఆ పుంత పక్కనే బోదె, అంటే చిన్న మురుగు కాలువ, ఉంది. ఒకప్పుడు ఈ నీరంతా లాగేసింది అదే.

ఇప్పుడు దాని గతి తెలియాలంటే ఏదైనా తూర (దారి కింద నీరు పారే గొట్టం) మొగలో నిలబడి చూడాలి. గుర్రపుడెక్క చాప పరిచినట్టు కమ్మేసి ఉంటుంది. కొక్కెం వేసి లాగితే నల్లటి వేళ్లు, వాటికి చుట్టుకున్న పాలిథిన్ సంచులు, కొబ్బరి డొక్కలు అన్నీ ఒక్క ముద్దగా వస్తాయి. ఆ అడ్డు తీసిన మరుక్షణం నీరు సుడి తిరిగి గుడగుడమంటూ తూరలోకి దూకుతుంది.

ఈ చిన్న బోదెల బాగుసేత ఊరే చేపట్టాలని మేము కోరుతున్నాం. ఇది కొత్త మాటేమీ కాదు. కాలువల మరమ్మతుకు రైతులు తమ శ్రమ ఇచ్చే కుడిమరామతు మద్రాసు ప్రెసిడెన్సీలో పాత ఆనవాయితీ. 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి దాన్ని బలవంతపు చాకిరీగా మార్చారు. ఆ తప్పు మళ్లీ జరగరాదు. ఊరి పని పేరు చెప్పి పార ఎప్పుడూ ఒక్క పేటవారి చేతికే ఇవ్వడం అన్యాయం. చేను ఉన్నవారూ బోదెలో దిగాలి. కూలికి వచ్చినవారికి కూలి దక్కాలి, దిగిన ప్రతి ఒక్కరికీ బూట్లు, చేతి తొడుగులు ఉండాలి. ఆ బురదలో గాజుపెంకులుంటాయి, పాములుంటాయి.

పని కింది నుంచి మొదలుపెట్టాలి. బోదె డ్రెయిన్‌లో కలిసేచోట ముందు దారి చేసి, అక్కడి నుంచి ఎగువకు రావాలి. ఎగువ మాత్రమే తవ్వితే మన నీరు దిగువ ఊరివారి ఇళ్లలోకి వెళుతుంది. తీసిన పూడిక గట్టు అంచున పోస్తే తొలి వానకే తిరిగి బోదెలో పడుతుంది. పుంత గుంటలకో, కొబ్బరి తోటలకో తోలించాలి. గుర్రపుడెక్కకు మందు కొట్టి వదిలేయడం మాకు సమ్మతం కాదు. చచ్చిన డెక్క కుళ్లి అడుగుకు చేరి అదే పూడికవుతుంది. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఒక్క ఏడాదితో పని తీరదు.

అన్నిటికంటే కష్టమైనది ఇంటి ముందు బోదెను మట్టితో కప్పేసిన పెద్దమనుషులకు చెప్పడం. అధికారి నోటీసుకు కదలనివారు కూడా నలుగురిలో ఇరుగుపొరుగు అడిగితే ఆలోచిస్తారు. 1997 చట్టంతో ఏర్పడిన సాగునీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఈ పెద్దరికం ఆ సంఘాలవారు, సర్పంచులు కలిసి వహించాలి.

ఊరు చేతనైనది చేస్తుందని ప్రభుత్వం తప్పుకోవడం మాత్రం కుదరదు. పెద్ద డ్రెయిన్లు, సముద్రం దగ్గర ఇసుక మేటవేసిన మొగలు పారలతో తేలే పని కాదు. డెల్టా మురుగు పారుదల కోసం 1968లోనే చట్టం చేసి రైతుల మీద సెస్సు వేశారు. 2011లో కోనసీమ రైతులు, ముంపు బాధ కూడా ఒక కారణంగా, సార్వాకు (వానాకాలపు వరికి) పంట విరామం ప్రకటించిన సంగతి పాలకులకు గుర్తుండాలి.

వేసవిలో కాలువలు కట్టేస్తారు, సార్వాకు మళ్లీ వదిలేది జూన్‌లో. ఈలోగా ప్రతి పంచాయతీ తన బోదెల వెంట ఒకసారి నడవాలి. ఏ తూర పూడింది, ఏది చాలీచాలనిది, ఎక్కడ మట్టి కప్పేశారు అన్నది రాసుకుని గ్రామసభలో అందరి ముందూ చదవాలి.