వేరు కుంపట్ల విమోచనోద్యమం

ఉద్యమానికి సిద్ధాంతం లేకపోయినా నడుస్తుంది, చందా పుస్తకం లేకపోతే నడవదు. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఉన్న బానిసత్వ వ్యతిరేకులు ఈ సత్యాన్ని ఎంత నిష్ఠగా పాటించారో తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1840 మేలో న్యూయార్క్‌లో అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీ, అంటే బానిసత్వ వ్యతిరేక సంఘం, సభ జరిగింది. అబీ కెల్లీ అనే ఆవిడను కమిటీలో వేశారు. ఆడమనిషి కమిటీలో కూర్చుంటే ఇక బానిసల గతేం కాను? సొసైటీ నాయకుల్లో ఒకరైన లూయిస్ టాపన్ తన వర్గంతో లేచి వెళ్ళి వేరు కుంపటి పెట్టారు. సొసైటీ పత్రిక ‘ఎమాన్సిపేటర్’ అంతకు ముందే చేతులు మారింది. కుంపటి కంటే ముందు గిన్నెలు సర్దుకోవడం తెలివైన పనే. ఆ ఏడే, పాత సొసైటీలో మిగిలిన విలియం గారిసన్ వర్గం తరఫున జాన్ కాలిన్స్ చందాల కోసం ఓడెక్కి బ్రిటన్ వెళితే, టాపన్ పక్షాన ఉన్న అక్కడి బానిసత్వ వ్యతిరేకుల లండన్ కమిటీ మొహం చాటేసింది.

1845లో గారిసన్ వర్గం వక్త ఫ్రెడరిక్ డగ్లస్ బ్రిటన్ వెళ్ళారు. మేరీలాండ్‌లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి. సభలు కిక్కిరిశాయి. బోస్టన్‌లో గారిసన్ వర్గానికే చెందిన మారియా చాప్‌మన్ గారికి టెన్షన్ మొదలైంది: లండన్ వాళ్ళు డబ్బు చూపించి ఈయన్ని లాగేసుకుంటే? డబ్లిన్‌లోని మిత్రుడు రిచర్డ్ వెబ్‌కు ఉత్తరం రాశారు, కాస్త కనిపెట్టి ఉండమని. ఆ సంగతి డగ్లస్ దాకా రానే వచ్చింది. నన్ను సొసైటీ నుంచి తరిమెయ్యాలంటే నా మీద మేస్త్రీని పెడితే చాలు అని ఆయన ఘాటుగా జవాబిచ్చారు. మేస్త్రీల సంగతి ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

తర్వాతి తగువు పెట్టెల మీద. బ్రిటన్ ఆడవాళ్ళు కుట్లూ అల్లికలూ చేసి పెట్టెల్లో పంపితే, బోస్టన్ బజారులో అమ్మి ఉద్యమం నడిపేవారు. డగ్లస్ రోచెస్టర్‌లో సొంత పత్రిక పెట్టి, 1851లో గారిసన్ మాట కాదన్నాక కొన్ని పెట్టెలు అటు మళ్ళాయి. ఆయన పత్రిక లెక్కలు చక్కబెట్టింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన జూలియా గ్రిఫిత్స్. అంతే, 1853లో గారిసన్ పత్రిక ‘లిబరేటర్’ డగ్లస్ ఇంటి గొడవల మీద పడింది. సిద్ధాంత చర్చ కదా, వంటగది దాకా వెళ్ళాల్సిందే.

ఒక్క వ్యవహారం మాత్రం సాఫీగా తేలింది. 1846లో న్యూకాసిల్‌కు చెందిన రిచర్డ్‌సన్ కుటుంబం ఆడవాళ్ళు చందాలు పోగుచేసి 150 పౌండ్లకు డగ్లస్ స్వేచ్ఛ కొన్నారు. మనిషిని కొనడమంటే అమ్మేవాడి హక్కును ఒప్పుకోవడమేనని హెన్రీ రైట్ లాంటి ఉద్యమకారులు మండిపడ్డారు. ఇంత రచ్చలోనూ ఏ వర్గంలోనూ చేరకుండా, ఏ కమిటీకీ లెక్క చెప్పకుండా, ఆ చందా డబ్బు పూర్తిగా అందుకుని కాగితం మీద సంతకం పెట్టినవాడు ఒక్కడే: డగ్లస్ యజమాని హ్యూ ఆల్డ్.