శాలువాలు చాల్లేదు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లల డాన్సులకీ భోజనాలకీ మధ్య, "ఎనభై దాటిన పెద్దలందరూ స్టేజీ దగ్గరికి రావాలి" అని మైకులో పిలిచారు. నలుగురైదుగురు వస్తారనుకున్నట్టున్నారు, శాలువాలు అన్నే తెచ్చారు. చూస్తే వాకర్లూ, వీల్‌చెయిర్లూ, చేతికర్రలూ కలిసి వరస హాలు తలుపు దాకా సాగింది. ఇక చేసేదేముంది? ఒకరికి కప్పి, ఫొటో తీసి, అదే శాలువా తీసి పక్కవారికి కప్పడం మొదలుపెట్టారు.

మా అత్తయ్యకి ఎనభై ఎనిమిది. జనంలోంచి బాత్రూంకి నడిచి వెళ్ళడం కష్టమని మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నారు. డీజే మోతకి హియరింగ్ ఎయిడ్ కూత పెడుతుంటే తీసి పర్సులో వేసుకున్నారు. అందుకని మైకులో ఎవరేమన్నారో ఆవిడ చెవిన పడలేదు. శాలువా కప్పగానే ముచ్చటపడి దండం పెట్టారు. అంతలో వాలంటీరు కుర్రాడు "ఒక్క నిమిషం అమ్మమ్మగారూ" అంటూ దాన్ని తీయబోయాడు. చలికని ఇంటి నుంచి కప్పుకొచ్చిన తన శాలువానే లాగుతున్నాడనుకుని ఆవిడ గట్టిగా పట్టుకున్నారు. అతను అటు, ఈవిడ ఇటు. ముందు వరసల్లో నవ్వులు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులో తిరిగింది, కింద నవ్వే ఎమోజీలు. కారెక్కాక ఆవిడ అడిగింది ఒక్కటే: "ఎవరిదైనా పొరపాటున కప్పుకున్నానా అమ్మాయ్?"

ఆ కుర్రాణ్ణి ఏమీ అనను. ఈసీని, అంటే సంఘం కార్యవర్గాన్ని, తిడుతూ రాసింది చించేశాను, అది వేరే సంగతి. ఎంతమంది వస్తారన్న అంచనా తప్పింది. ఒక్క ఈసీకే కాదు, మనందరికీ తప్పుతోంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. అంటే అందరూ ముప్పైల్లో పోయారని కాదు, పసితనంలోనే పోయిన పిల్లల వల్ల సగటు అంత కిందికి దిగింది. అయినా అరవై చూడటం గొప్పే, షష్టిపూర్తికి ఊరంతా కదిలేది. ఇప్పుడు ఆ సగటు 70కి చేరింది. వెయ్యి పున్నములు చూడాలంటే 80 ఏళ్ళ 10 నెలలు బతకాలి. ఒకప్పుడు ఆ వేడుక ఏ కొద్ది ఇళ్ళలోనో జరిగేది. ఇప్పుడు సహస్ర చంద్ర దర్శనానికి మన పురోహితుడిగారి దగ్గర శనివారం దొరికితే అదృష్టం.

జపాన్‌కీ ఈ శాలువాల ఇబ్బంది వచ్చింది. 1963లో నూరేళ్ళు నిండినవారికి ప్రభుత్వం వెండి గిన్నె ఇవ్వడం మొదలుపెట్టింది, అప్పుడు దేశం మొత్తంలో వాళ్ళు 153 మంది. 2025కి 99,763 మంది. ఖర్చు తట్టుకోలేక 2016 నుంచి వెండి పూత గిన్నెతో సరిపెడుతున్నారు. కానీ వాళ్ళు గిన్నెతోనే ఊరుకోలేదు. 2000లోనే ముసలివారి సంరక్షణకి ప్రత్యేకంగా బీమా తెచ్చారు. నలభై దాటిన ప్రతివారూ దానికి ప్రీమియం కడతారు.

మనమేమో "మేం పెద్దవాళ్ళని హోముల్లో పెట్టం" అని గర్వంగా చెప్పుకుంటాం. నిజమే, పెట్టం. పొద్దున ఎనిమిదికి రెండు కార్లూ గరాజ్ దాటాక ఆ ఇల్లేమిటో మరి? మా మైక్రోవేవ్ మీద ఏ బటన్ నొక్కాలో తెలిసేలా ఎర్ర స్టిక్కర్ అంటించాను. తలుపు తీస్తే అలారం మోగుతుందని అత్తయ్య వెనక డెక్ మీదకి కూడా వెళ్ళరు. డ్రైవింగ్ రాదు, బస్సు లేదు, పలకరించే మనిషి లేడు. సాయంత్రం మేమొచ్చేదాకా ఆవిడకి టీవీయే తోడు. అమ్మానాన్నల్ని ఇండియాలోనే ఉంచినవాళ్ళనీ తప్పుపట్టను. వాళ్ళు పనిమనిషి వచ్చిందా లేదా అని ఆఫీసులోంచి కెమెరాలో చూసుకుంటున్నారు.

ఇక్కడి రూల్సు మీకు తెలిసినవే. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు వరుసగా ఐదేళ్ళుంటే గానీ మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, కొనుక్కోలేరు. వచ్చినా, స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి రోజూ మనిషిని పెట్టుకుంటే ఆ ఖర్చు అది ఇవ్వదు. ఆసుపత్రుల్లో దుబాసీని అడగొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సొమ్ము తీసుకునే ఆసుపత్రి ఉచితంగా ఏర్పాటు చేసి తీరాలి, ఫోన్లోనైనా సరే. మనం అడగం, పదేళ్ళ మనవడి చేత బామ్మగారి మలబద్ధకం గురించి డాక్టరుకి చెప్పిస్తాం.

న్యూజెర్సీలో గుజరాతీలు ఎప్పుడో మేలుకున్నారు. వాళ్ళ భోజనం, వాళ్ళ భజనలు ఉండే డే కేర్ సెంటర్లు నడుస్తున్నాయి. పొద్దున వ్యాన్ వచ్చి పెద్దవాళ్ళని తీసుకెళ్ళి సాయంత్రం దింపుతుంది. మనకి అంత పెద్దది ఇప్పుడే అక్కర్లేదు. గుడి హాలు వారం మధ్యలో ఖాళీగానే ఉంటుంది కదా. వారానికి ఒక్క రోజు, మైకు లేకుండా, బాత్రూంకి దగ్గరగా కుర్చీలు వేసి, తెలుగులో కబుర్లు చెప్పుకునే చోటు చాలు. తీసుకురావడానికి వ్యాన్ కావాలి, అద్దెకి డబ్బు కావాలి. దీపావళికి సినిమా గాయకుణ్ణి రప్పించే ఖర్చుతో ఇలాంటివి చాలా నెలలు నడుస్తాయి. ఒక్క ఏడాది మన పాటలు మనమే పాడుకుందాం, కొంప మునగదు.

రిటైరై ఖాళీగా ఉన్నామనే అన్నయ్యలు, వదినలు మనలో ఎంతమంది లేరు! వారంలో ఒక పూట కారు తీస్తే చాలు. డెబ్బైల్లో ఉన్నవాళ్ళు తొంభైల్లో ఉన్నవాళ్ళని కనిపెట్టుకోవాల్సిన రోజులివి.

వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ తీర్మానం పెడుతున్నాను. బలపరచడానికి ఒక చెయ్యి లేవాలి. లంచ్‌కి ముందే పెట్టమని సెక్రటరీగారికి చెప్పాను, తర్వాతైతే కోరం ఉండదు.