నవలాకారుడి కలం నుంచి వచ్చిన ధారావాహికలు

హిందీ రచయిత మనోహర్ శ్యామ్ జోషీని ‘తొలి సీరియల్ రచయిత’ అని మాత్రమే పరిచయం చేసి ఆయన గురించిన వ్యాసాన్ని ముగించడం నాకు వెలితిగా తోచింది. ఆయన రాసిన, 1984లో దూరదర్శన్‌లో మొదలైన ‘హమ్ లోగ్’ ధారావాహిక కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం, మెక్సికో ధారావాహికల నమూనాలో రూపుదిద్దుకున్నదే. అయినా ప్రేక్షకులకు ఆ ప్రచారం కన్నా తాగుబోతు బసేసర్ రామ్, అన్నీ ఓర్చుకునే భాగవంతి, సినిమా తార కావాలని కలలు కన్న మఝ్లీ ఎక్కువగా గుర్తుండిపోయారంటే, అది ముఖ్యంగా ఆయన సంభాషణల బలం. ఆయనే రాసిన మరో ధారావాహిక ‘బునియాద్’లో దేశ విభజనను సైతం ఒక లాహోర్ కుటుంబం గడప లోపలి నుంచే చూపారు. హిందీ వారపత్రిక ‘సాప్తాహిక్ హిందుస్తాన్’ సంపాదకుడిగా పనిచేసి, ‘క్యాప్’ నవలకు 2005 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన సాహిత్య జీవితాన్ని వదిలేస్తే, ఆ సంభాషణలకు అంత సహజత్వం ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకులకు ఎలా తెలుస్తుంది?