‘పేదోడికి సొంతిల్లు దండగ’ అనేవాళ్లకు నెల్లూరు నుంచి జవాబు

నాలుగైదు రోజులుగా మా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కూలీనాలీ చేసుకునేవాళ్లకు సొంతిల్లు దండగ, అద్దెకుండి మిగిలింది చీటీ వేసుకుంటే మేలు అంటున్నారు. ప్రభుత్వం ఇల్లిస్తే జనం సోమరులవుతారని, ఇచ్చినా అమ్ముకుంటారు లేదా తాళం వేసి పెడతారని కూడా అంటున్నారు. పంపినవాళ్లలో నాకు కావలసినవాళ్లు ఉన్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ ‘మిగిలింది’ సంగతి చూద్దాం. ఇవాళ 5,000 ఉన్న అద్దె ఏడాదికి 5 శాతం పెరుగుతుందనుకోండి. ఇరవయ్యో ఏడు నెలకు 12,600 దాటుతుంది. ఇరవై ఏళ్లలో కట్టింది దాదాపు 19.8 లక్షలు, చేతిలో ఏమీ ఉండదు. 6 లక్షల లోను 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల కంతు సుమారు 5,400, మొత్తం 13 లక్షల లోపే. వడ్డీ రేటు మారొచ్చు, పన్నూ రిపేర్లూ మన నెత్తినే పడతాయి, నిజమే. 6 లక్షలకు నెల్లూరులో ఇల్లెక్కడ వస్తుందంటారా? రాదు. ఆ తేడా పూడ్చడానికే ఈ పథకాలు. 2024లో మొదలైన కేంద్రం ఇళ్ల పథకం, రెండో విడత పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు లోనులో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. అది ఐదు విడతల్లో గరిష్ఠంగా 1.80 లక్షలు.

అయినా ఇల్లంటే లెక్కలొక్కటే కాదు. మా నాయన స్టోన్‌హౌస్‌పేట బియ్యం మిల్లులో హమాలీ. ఎనిమిదేళ్లలో ఐదు ఇళ్లు మారాం, నేను రెండు బళ్లు మారాను. మారిన ప్రతిసారీ రేషన్ కార్డు, గ్యాస్ అడ్రసు కోసం మా అమ్మ ఒక రోజు కూలి పోగొట్టుకునేది. మా తాత పెద్దాసుపత్రిలో చనిపోయిన రోజు, ఇంటి ఓనరమ్మ గేటు దగ్గరే నిలబడి “లోపలికి మాత్రం తేబాకండి, మాకు అరిష్టం” అంది. వీధి చివర వేపచెట్టు కింద బల్ల వేసి తాతను పడుకోబెట్టాం. వానజల్లు పడుతుంటే మా అమ్మ తన చీర కొంగు ఆయన ముఖం మీద పట్టుకుని కూర్చుంది. అద్దెకుండి చీటీ వేసుకోమనేవాళ్లు ఆ రోజుకు ఎంత ఖరీదు కడతారు?

తర్వాత అమ్మ పేరు మీద పట్టా వచ్చింది. ఇల్లు కట్టేకొద్దీ ప్రభుత్వం ఇచ్చే డబ్బులో బేస్‌మెంట్ బిల్లు పడింది, రూఫ్ లెవెల్ బిల్లు ఆలస్యమైంది, స్లాబుకు డ్వాక్రా గ్రూపులో లోను తీసుకున్నాం. ఇచ్చిన డబ్బు ఇంటికి చాలలేదు. అప్పు తీరేదాకా టెన్షనే. కానీ ఆ తర్వాత మమ్మల్ని ఖాళీ చేయమన్నవాళ్లు లేరు. నా చెల్లెలు ఒకే బళ్లో పదో తరగతి దాకా చదివింది. దాని మొదటి పురుడు ఆ ఇంట్లోనే పోశాం.

సోమరులవుతారన్న మాట అసలే నిలవదు. పెరూలో 1990ల్లో బస్తీవాళ్లకు ఇళ్ల పట్టాలు ఇచ్చినప్పుడు ఏం జరిగిందో ఎరికా ఫీల్డ్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. పట్టా వచ్చిన కుటుంబాలు బయట ఇంకా ఎక్కువ గంటలు పనిచేశాయి. స్థలం ఎవరు ఆక్రమిస్తారోనని మనిషిని కాపలా పెట్టే అవసరం తీరింది మరి. ముంబైలో ప్రభుత్వ ఇళ్ల లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ పోల్చి చూసినా, ఇల్లొచ్చిన కుటుంబాల్లోనే చదువూ ఉద్యోగాలూ పెరిగాయి.

ఇక తాళాల సంగతి. ఇందులో కొంత నిజముంది, దాచను. 1987లో అహ్మదాబాదులో బీడీ కార్మికులకు లాటరీ వేసి, ఊరికి 12 కిలోమీటర్ల దూరాన ఇళ్లు ఇచ్చారు. చాలా ఏళ్ల తర్వాత చూస్తే ఇల్లు తగిలినవాళ్లలో 34 శాతం అసలు చేరనేలేదు, ఇంకో 32 శాతం వెళ్లిపోయారు. కానీ కారణం వాళ్ల బుద్ధి కాదు, దూరం. పని, చుట్టాలు, అవసరానికి చేబదులిచ్చే పొరుగువాళ్లు అందరూ ఊళ్లోనే ఉండిపోయారు. మన దగ్గరా అంతే. ఊరవతల కాలనీ నుంచి ట్రంకురోడ్డు బట్టల షాపుకొచ్చే అమ్మాయికి ఆటోకు పోను 40, రాను 40 అయితే, 26 రోజులకు 2,080 రూపాయలు. జీతంలో అంత పోతే తాళం వేసి ఊళ్లోనే అద్దెకుంటుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పల్లపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, అది కూడా స్థలం ఎంపికలో తప్పే.

కాబట్టి గ్రూపుల్లో ఇళ్లు దండగని పంచే బదులు, కాలనీలకు బస్సు అడుగుదాం. పొద్దున ఏడింటికి ఒకటి, రాత్రి షాపులు కట్టేశాక తొమ్మిదిన్నరకు ఒకటి. అర్జీ నేను రాస్తాను, సంతకాలు మీరు పెట్టండి.