సూదా, చుక్కలా?

‘సూది లేదు, కుట్టు లేదు, కట్టు లేదు’ అన్నది శుక్లాల ఆపరేషన్ ప్రకటనలకు పల్లవిగా మారింది. కుట్టు, కట్టు మాట అలా ఉంచితే, చుక్కల మందు కొత్తదనీ, మత్తు ఇంజెక్షన్ పాతబడిన మోటు పద్ధతనీ రోగికి నూరిపోయడం మాత్రం తప్పు. నిజానికి చుక్కలే పాతవి. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతోనే కంటికి స్పర్శ తెలియకుండా చేశారు. సూది ఆ వెనుకే వచ్చింది.

నేడు వాడే ప్రొపారకైన్ చుక్కలు నిమిషంలోపే పనిచేస్తాయి, పావుగంట దాటాక పలచబడతాయి. అవి కంటి పైపొర నొప్పిని ఆపుతాయి గానీ కనుగుడ్డు కదలికను ఆపలేవు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్ యంత్రంతో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో పద్ధతిలో కోత సుమారు మూడు మిల్లీమీటర్లే కాబట్టి, చూపును లైటు మీదే నిలిపి ఉంచగల రోగికి ఇవి సరిపోతాయి. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఇదే మేలైన దారి కూడా. అయితే చెవులు సరిగా వినపడక డాక్టరు మాట అందుకోలేని వృద్ధుడికీ, తల వణికే రోగికీ, బాగా ముదిరిపోయిన శుక్లానికీ చుక్కలొక్కటే చాలవు.

కంటి శిబిరాల నుంచి వచ్చేవారికి ఎక్కువగా చేసేది ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, ఫేకో యంత్రం లేకుండా చేసే ఆపరేషన్. అక్కడ కన్ను కదలకూడదు. అందుకే లిగ్నోకైన్, బుపివకైన్ అనే రెండు మత్తుమందులు కలిపి, మందు త్వరగా వ్యాపించడానికి హయాల్యురోనిడేజ్ చేర్చి కంటి చుట్టూ ఎక్కిస్తారు. లిగ్నోకైన్ త్వరగా అందుకుంటుంది, బుపివకైన్ గంటల తరబడి నిలుస్తుంది. ఒకటి ఆలస్యాన్ని, మరొకటి ముందే దిగిపోవడాన్ని సరిచేస్తాయి. ఈ జోడీని పేదవాడి మత్తు అని చిన్నచూపు చూడనక్కర్లేదు.

ప్రమాదం మందులో కంటే సూది మొనలో ఎక్కువగా ఉంది. అరుదే అయినా, అది కనుగుడ్డును గుచ్చితే చూపే పోవచ్చు. ఎక్కువ మైనస్ పవరున్న కన్ను పొడవుగా ఉంటుంది గనుక అక్కడ ముప్పు హెచ్చు. కంట్లో అమర్చే లెన్స్ పవరు లెక్కకట్టడానికి ఆ పొడవును ముందే కొలిచి కేస్ షీటులో రాస్తారు. 26 మిల్లీమీటర్లు దాటిన అంకె అక్కడ కనిపిస్తున్నా, సూది పట్టే ముందు ఆ కాగితం తిప్పి చూడకపోవడాన్ని ఏ రద్దీ సమర్థించలేదు. అలాంటి కంటికి తెల్లగుడ్డు పైపొరలో చిన్న గాటు పెట్టి, మొన లేని గొట్టంతో మందు పంపే సబ్-టెనాన్ పద్ధతి ఉంది. కన్ను ఒకట్రెండు వారాలు ఎర్రగా కనిపించవచ్చు, అంతే. శిబిరాల రోగులకు ఆపరేషన్ చేసే ప్రతి బృందంలోనూ ఈ పని చేతికి వచ్చినవారు ఉండాలని మేము కోరుతున్నాం.

మత్తు రకాన్ని ప్యాకేజీ ధరతో ముడిపెట్టడం మానాలి. సంతకం పెట్టించుకునే తెలుగు పత్రంలో ఏ మత్తు, ఎందుకు అన్న రెండు వాక్యాలు చేర్చి, చదవలేని వారికి వినిపించడానికి ఆసుపత్రులకు పైసా ఖర్చు కాదు.